స్టార్ట్ కాకూడని బండి

డ్రైవింగు స్కూలు, మేడ మీద గది
నవంబరు 4

ఒరేయ్ స్పానరూ,

బండి క్షేమంగా చేరింది. నేనూ క్షేమంగానే చేరాను. నువ్వు ముందు అడిగేది బండి సంగతే కాబట్టి అదే ముందు రాశాను. ఫోను చేస్తే నీ షెడ్డులో గ్రైండరు మోత తప్ప నీ మాట వినపడదు. వినపడినా "ఆఁ, ఆఁ" తప్ప నీ నోట ఇంకోటి రాదు. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం.

మూడు వందల కిలోమీటర్లు ఎడమ కాలు కదపకుండా నడిపాను. ఆపరేషనైన మోకాలు ఉన్నట్టే గుర్తు రాలేదు. ఇరవై తొమ్మిదేళ్లు ఊళ్ళో సగం మందికి క్లచ్ తొక్కడం నేర్పి క్లచ్చక్క అనిపించుకున్నదాన్ని, తీరా క్లచ్ లేని బండిలో ఊరేగితే నా శిష్యులు ఏమంటారోనని సిగ్గుపడుతూ బయల్దేరాను. సగం దారిలో ఆ సిగ్గు పోయింది. అరవై ఏళ్ల ముసలి బండి గేరు ఎప్పుడు మార్చుకుంటోందో కూడా తెలియలేదు. మీ బావ పక్కన కూర్చుని, "ఇన్నాళ్ళూ నువ్వు తిట్టడానికి నేనూ గేర్లూ ఉండేవాళ్ళం, ఇకనుంచి నేనొక్కణ్ణే" అని దిగులుపడ్డారు. పి అంటే పార్కింగు, ఆర్ అంటే వెనక్కి, ఎన్ అంటే న్యూట్రల్, డి అంటే ముందుకి అని ఆయనకి నేర్పేసరికి నా ప్రాణం తోకకొచ్చింది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. క్లచ్ తీసి ఆటోమేటిక్ గేర్లు పెట్టమని బండి నీ చేతికివ్వడానికి ఏడాది పాటు నేను వెనకాడింది కూడా అందుకే. తప్పు ఒప్పుకుంటున్నాను. ఆ రోజు షెడ్డులో నీ పనివాళ్ళందరి ముందూ నేనడిగిన ప్రశ్న గుర్తుందా, బండి గేరులో ఉండగా పొరపాటున తాళం తిప్పితే ఏమవుతుందని? గేర్‌బాక్సు పక్కన ఒక స్విచ్చు ఉందని, గేరు రాడ్డు పి లోనో ఎన్ లోనో ఉంటే తప్ప అది ఇంజనుని తిరగనివ్వదని చెప్పావు. "నువ్వు మర్చిపోయినా బండి మర్చిపోదక్కా" అన్నావు. ఆ మాట ఇక్కడ కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాను. మా పక్క దుకాణం దర్జీ అయితే ఇప్పటికి మూడుసార్లు విన్నాడు, పాపం.

మరదలిని అడిగానని చెప్పు.

మీ అక్క


షెడ్డు, టీ వేళ
నవంబరు 15

అక్కా,

నీ ఉత్తరం ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. పెరటి చెట్టు దగ్గర మాత్రం కాస్త గొంతు తగ్గించాను.

నువ్వు పొగిడావు కాబట్టి చెబుతున్నా. ఆ ఇంజనుకీ ఈ గేర్‌బాక్సుకీ మధ్య పెట్టిన ప్లేటు మూడుసార్లు కోయించాను. వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టు రెండంగుళాలు తగ్గించాను. కొత్త గేర్‌బాక్సు లావు, పట్టాలంటే నేల రేకు కోయాలి. నువ్వు నాకు నడపడం నేర్పిన బండి అది, దాని మీద కట్టరు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఒక పూట ఊరికే చుట్టూ తిరిగి, మర్నాడు కోశాను. ఇప్పుడు నీ బండి ఫోటో గోడకి తగిలించాను. దాన్ని చూసి ఇంకో ఇద్దరు తమ పాత బండ్లు తెచ్చిపెట్టారు. ఒకాయన డాక్టరు, ఇంకొకాయన వాయిద్యాలు బాగుచేస్తాడు.

ఒకటి రెండు చిన్న సర్దుబాట్లు మిగిలాయి. పెద్దవేమీ కావు, మొదటి సర్వీసుకి తెచ్చినప్పుడు చూస్తాను. అప్పటిదాకా బండి ఆపినప్పుడల్లా రాడ్డు పి లోకి తోసి హ్యాండ్‌బ్రేకు వెయ్యి. తాతకి దగ్గులు నేర్పుతున్నానని నవ్వుకుంటావు. నవ్వుకో, కానీ వెయ్యి.

బావని నా తరఫున ఒకసారి తిట్టు.

తమ్ముడు


డ్రైవింగు స్కూలు
డిసెంబరు 12

తమ్ముడూ,

ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. బండితో ఒక మనిషిని గుద్దాను. దర్జీని.

మా ఆవరణ నీకు తెలుసు. అతని దుకాణం మెట్ల దగ్గర మొదలై గేటు దాకా వాలుగా ఉంటుంది. ఆదివారం సాయంత్రం బండి ముక్కు గేటు వైపు పెట్టి ఆపాను. ముక్కు పల్లానికి ఉంటే రివర్సు గేరు వేసి దిగాలి. ప్రతి శిష్యుడికీ మొదటి వారమే నేను నేర్పే పాఠం అది. ఆ అలవాటు కొద్దీ చెయ్యి రాడ్డుని ఆర్ లోకి తోసి వదిలేసింది. హ్యాండ్‌బ్రేకు వేశాను గానీ పి సంగతే గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున చలిగా ఉంది. చోకు పూర్తిగా లాగి తాళం తిప్పాను. ఇంజను గట్టిగా అరిచింది, వెంటనే బండి హ్యాండ్‌బ్రేకుని కూడా లాక్కుంటూ వెనక్కి దూకింది. నా ఎడమ కాలు క్లచ్ కోసం నేలని తొక్కింది. అక్కడ క్లచ్ లేదు కదా. కుడికాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపు అంతా అయిపోయింది. దర్జీ మెట్ల మీద ఎండలో కూర్చుని ఎవరి చొక్కాకో గుండీలు కుడుతున్నాడు. అతని కాలు బంపరుకీ మెట్టుకీ మధ్య నలిగింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

అతను అరవలేదు. "అమ్మా, ముందు ఆ చొక్కా తియ్యండి, మరకవుతుంది" అన్నాడు. మిషను తొక్కే కాలు అదే. మూడు నెలల దాకా నేల మీద పెట్టకూడదట, తర్వాత మిషను తొక్కగలడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. అతను ఫిర్యాదు చెయ్యనన్నాడు. తప్పు నాదేనని నేనే రాసి సంతకం పెట్టాను. వీధిలో తలెత్తి నడవలేకపోతున్నాను. నా చేతి కింద నేర్చుకున్నవాళ్ళే పలకరించడానికి వచ్చారు. వాళ్ళు జాలి పడుతుంటే తిట్టినా బాగుండేదనిపించింది.

ఒక్కటి అర్థం కావడం లేదు. ఆర్ లో ఉంటే స్టార్ట్ కాదన్నావు కదా. మరి ఎలా అయింది? నేనే రాడ్డు ఎన్ లోకి తెచ్చి, స్టార్ట్ చేసి, మళ్ళీ ఆర్ లోకి లాగి ఉండాలి. నాకు గుర్తున్నది మాత్రం ఎక్కి కూర్చోవడం, చోకు లాగడం, తాళం తిప్పడం. రాడ్డు మీద చెయ్యి వేసినట్టే గుర్తు లేదు.

అక్క


షెడ్డు
డిసెంబరు 15

అక్కా,

ఉత్తరం అందింది. నువ్వు ధైర్యంగా ఉండు. ఆదివారం వస్తున్నాను.

అప్పటిదాకా బండిని ఎవరూ ముట్టుకోవద్దు. మీ వీధి చివర మెకానిక్కుకి చూపించొద్దు, ఇలాంటి పని వాడికి తెలియదు. తాళం నీ దగ్గరే పెట్టుకో.

తమ్ముడు


డ్రైవింగు స్కూలు, మేడ మీద గది
డిసెంబరు 28

తమ్ముడూ,

నువ్వు వచ్చావన్న పేరే గానీ వచ్చినట్టు లేదు. రెండు గంటలు బండి కింద పడుకున్నావు, చేతులు కడుక్కున్నావు, టీ సగం వదిలేసి రైలుకి పరిగెత్తావు. ఒక్కసారి ఆస్పత్రికి వెళ్ళి దర్జీని చూసి వెళ్ళమంటే టైము లేదన్నావు. పోనీలే, నీకు ఆస్పత్రి వాసన పడదు. చిన్నప్పుడు సూదిమందు అంటే మంచం కింద దూరేవాడివి, నీ కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చింది నేనే.

ఏమైనా దొరికిందా అని అడిగితే అంతా సరిగ్గానే ఉందన్నావు. నువ్వు వెళ్ళాక నేనొక పని చేశాను. మీ బావని మెట్ల దగ్గర మనుషులెవరూ రాకుండా నిలబెట్టి, బ్రేకు మీద కాలు వేసి, రాడ్డు ఆర్ లో పెట్టి తాళం తిప్పాను. కిక్కురుమనలేదు. డి లోనూ అంతే. పి లో స్టార్ట్ అయింది, ఎన్ లో స్టార్ట్ అయింది. మళ్ళీ ఆర్. పదకొండుసార్లు తిప్పాను. ఇక చాలు దిగు అని మీ బావ తలుపు తీసి చెయ్యి పట్టుకుని దింపారు.

రాజుగారి పెద్దభార్య మంచిదంటే చిన్నభార్య సంగతి వేరే చెప్పక్కర్లేదు. నీ గేర్‌బాక్సు సరిగ్గా ఉందంటే సరిగ్గా లేనిది నా తలకాయ. ఏం చేశానో నాకు గుర్తు లేదు. అంతేకాదు, గుర్తున్నదేమో జరగలేదు. రెండోది నన్ను ఎక్కువ భయపెడుతోంది.

వేసవిలో గొడుగు బస్సులో మర్చిపోయాను. ఒకసారి మీ బావని నీ పేరుతో పిలిచాను. అప్పుడు ముగ్గురం నవ్వుకున్నాం కదా. ఇప్పుడు ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నాను, ఏదీ నవ్వులాటగా లేదు.

క్లాసులు ఆపేశాను. ఏం చేశానో నాకే తెలియనప్పుడు ఇంకొకరి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కే హక్కు నాకు లేదు.

అక్క


షెడ్డు
జనవరి 9

అక్కా,

పని ఒత్తిడిలో వెంటనే జవాబు రాయలేకపోయాను. డాక్టరు గారి బండి ఇవాళ ఇచ్చాను.

నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావు. నీకు యాభై ఎనిమిదేళ్లు. ఈ వయసులో ఎవరికైనా ఒక్క క్షణం అటూ ఇటూ అవుతుంది. దాన్ని కొండంత చేసుకోకు. జరిగిందేదో జరిగింది, దర్జీ గారు కోలుకుంటారు. కావాలంటే ఒకసారి డాక్టరుకి చూపించుకో. నీ మనసుకే స్థిమితంగా ఉంటుంది.

బండి వద్దనిపిస్తే అమ్మేద్దాం. నేను చూస్తాను.

తమ్ముడు


డ్రైవింగు స్కూలు, మేడ మీద గది
జనవరి 30

తమ్ముడూ,

నీ మాట ప్రకారం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వయసు నా వయసులో సగం. ఐదు మాటలు చెప్పి, కాసేపు లెక్కలు చేయించి, ఆ ఐదు మాటలూ మళ్ళీ చెప్పమంది. నాలుగు చెప్పాను. ఐదోది గొడుగట. గొడుగుకీ నాకూ పడదులే అన్నాను, ఆవిడ నవ్వకుండా కాగితం మీద ఏదో రాసుకుంది. ఇప్పుడే ఏమీ చెప్పలేం, ఆరు నెలల తర్వాత మళ్ళీ రండి అంది. ఆ ఆరు నెలలూ ఎలా గడపాలో మాత్రం చెప్పలేదు.

ప్రతి చిన్న పనీ ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. గ్యాసు ఆపాను. తలుపు గడియ పెట్టాను. కాసేపటికి వెళ్ళి చూస్తే గ్యాసు ఆపే ఉంటుంది, గడియ పెట్టే ఉంటుంది. అయినా నమ్మకం కలగదు. నేను పొయ్యి వెలిగిస్తున్నప్పుడల్లా మీ బావ ఏదో వెతుకుతున్నట్టు వంటింట్లోకి వస్తారు. ఏం వెతుకుతున్నారని అడిగితే కళ్ళజోడు అంటారు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంటుంది. జోకులు మానేశారు. ఆయన జోకులు వెయ్యకపోతే ఈ ఇల్లు ఇల్లులా లేదు.

మొన్న నా పాత శిష్యురాలు వచ్చింది, సిటీ బస్సు నడుపుతుంది. కూతురికి నేర్పమని తీసుకొచ్చింది. స్కూలు మూసేశానని గుమ్మంలోంచే పంపేశాను. లోపలికి రమ్మని కూడా అనలేదు. ఆ పిల్ల గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళింది.

ఫిబ్రవరి పదహారున లైసెన్సు ఆఫీసుకి వెళ్ళి నా శిక్షకురాలి లైసెన్సు వాపసు చేస్తున్నాను. కాగితం రాసిపెట్టాను. ఒకసారి ఇచ్చేస్తే ఈ వయసులో మళ్ళీ ఇవ్వరు.

ఇచ్చేముందు నిన్ను ఒక్కటి అడగాలి. నాతో కలిసి పెరిగినవాడివి. మీ బావ నన్ను ప్రేమ కొద్దీ మోసం చేస్తారు, నువ్వు చెయ్యవు. ఇంతకుముందు ఎప్పుడైనా నాలో ఏదైనా తేడా కనిపించిందా? నా మనసు కోసం తియ్యగా చెప్పకు. నిజం చెప్పు.

అక్క


షెడ్డు
ఫిబ్రవరి 6

అక్కా,

నీ తలకి ఏమీ కాలేదు. ముందు ఈ మాట రాసేస్తున్నాను. మిగతాది రాయలేకపోయినా ఇదొక్కటీ నీకు చేరాలి. నీకు గుర్తున్నట్టే జరిగింది. నువ్వు రాడ్డు ముట్టుకోలేదు. ఆర్ లో ఉన్న బండి ఆర్ లోనే స్టార్ట్ అయింది. ఆ స్విచ్చు ఆ రోజు పని చెయ్యడం లేదు. చెయ్యకుండా చేసింది నేనే.

స్విచ్చు వేరే బండిది. మన బండి రాడ్డుకి అది సరిగ్గా కుదరలేదు. రాడ్డు పి లో ఉంటే స్విచ్చు ఇంకెక్కడో ఉందనుకునేది, అందుకని బండి అసలు స్టార్టే అయ్యేది కాదు. దాన్ని పట్టుకునే ముక్క కొత్తగా చేయించాలి. ఒక రోజు పని. నువ్వూ బావా అదే పొద్దున రైలు దిగారు. నేను స్విచ్చు తీగలు రెండూ ఒక ఎర్ర తీగ ముక్కతో కలిపి టేపు చుట్టాను. అలా కలిపితే రాడ్డు ఎక్కడున్నా ఇంజను తిరుగుతుంది. బండిని పరీక్ష చేసేటప్పుడు ఈ పని చేసేవాళ్ళందరూ చేస్తారు, తర్వాత తీసేస్తారు.

తియ్యడం మర్చిపోయానని రాయబోయాను. అలా రెండు కాగితాలు రాసి చింపేశాను. మర్చిపోలేదు. నువ్వు అందరి ముందూ ఆ ప్రశ్న అడిగినప్పుడు తీగ అక్కడే ఉందని నాకు తెలుసు. పనివాళ్ళంతా నా వైపే చూస్తున్నారు. స్విచ్చు గురించి గొప్పగా చెప్పాను. చెప్పిన ప్రతి మాటా నిజమే, నీ బండికి తప్ప.

ఇంకెవరి బండి అయినా ఆ రోజు బయటికి పంపేవాణ్ణి కాదు. మా అక్కకి స్విచ్చు కాపలా ఎందుకు, ఆవిడే పది మందికి నేర్పే మనిషి అనుకున్నాను. అది నీ మీద గౌరవమనుకున్నాను. ఒట్టి బద్ధకం.

ఆ ఆదివారం వచ్చింది తీగ తియ్యడానికే. ముక్క ఇక్కడే చేయించి తెచ్చాను. దాన్ని బిగించి, స్విచ్చు సరిచేసి, ఎర్ర తీగ జేబులో వేసుకున్నాను. నువ్వు టీ తెచ్చి ఏమైనా దొరికిందా అని అడిగావు. అంతా సరిగ్గానే ఉందన్నాను. అప్పటికి అది నిజమే కదా అని రైల్లో నాకు నేనే చెప్పుకున్నాను. ఆస్పత్రి వాసనకి భయపడి కాదక్కా, దర్జీ మొహం చూడలేక పారిపోయాను. తేలు కుట్టిన దొంగనై ఇంటికి చేరితే, మీ మరదలు, వదిన ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందన్నాను.

నువ్వు పదకొండుసార్లు తాళం తిప్పానని రాసిన ఉత్తరం డాక్టరు గారి బండి వెనక సీట్లో కూర్చుని చదివాను. నేను సరిచేసి వచ్చిన స్విచ్చే నీ మీద సాక్ష్యం చెప్పింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకపోగా డాక్టరుకి చూపించుకో అని రాశాను. ఎందుకు రాశానో కూడా రాసేస్తాను, దీనికంటే కిందికి దిగడానికి ఇక ఏమీ లేదు. నువ్వు వెళ్ళే డాక్టరు నీకు నిజంగా మతిమరుపు ఉందని తేలిస్తే నేను బయటపడతాననిపించింది. ఒక్క క్షణం కాదు, వారం రోజులు అలా కోరుకున్నాను. నా కాళ్ళు పట్టుకుని సూదిమందుకి ఈడ్చుకెళ్ళి, నేను ఏడిస్తే నాతోపాటు ఏడ్చిన మనిషికి జబ్బు రావాలని కోరుకున్నాను.

లైసెన్సు ఆఫీసుకి వెళ్ళకు. ఈ ఉత్తరం పోలీసులకి చూపించు, దర్జీ గారికి చూపించు, ఎవరికైనా చూపించు. షెడ్డులో అందరికీ ఇవాళ పొద్దున చెప్పాను. విని, ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. నీ మొహం చూసే ధైర్యం లేదు, అందుకే రావడం లేదు.

తమ్ముడు


డ్రైవింగు స్కూలు
ఫిబ్రవరి 12

తమ్ముడికి,

చదవగానే నాకు కోపం రాలేదు. సంతోషం వచ్చింది. ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి మీ బావ భుజం మీద తల పెట్టి నవ్వాను. నా తల బాగానే ఉందిట అని నవ్వుతూనే ఉన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు కిటికీలోంచి దర్జీ కనిపించాడు. రెండు కర్రల మీద ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు. అతను ఆ స్థితిలో ఉండగా నేను నవ్వినందుకు సిగ్గుపడ్డాను.

రాడ్డు ఆర్ లో వదిలింది నేను. స్విచ్చు పని చేసినా చెయ్యకపోయినా ఆ తప్పు నాదే, అందులో వాటాకి రాకు. నీది నీకుంది.

కోపం మర్నాడు వచ్చింది. తీగ పెట్టినందుకైతే నాలుగు తిట్టి వదిలేసేదాన్ని. పని చేసే చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తుంది. కానీ యాభై రోజులు నా తలని నేనే అనుమానిస్తుంటే చూస్తూ కూర్చున్నావు. నీ పనిలో తప్పుండదని నమ్మి, నా కళ్ళతో చూసినదాన్ని కాదనుకున్నాను. పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేదాకా కదలకుండా కాపలా కాశాను. అది నేను మర్చిపోలేను. నా జ్ఞాపకం బాగానే ఉందని నువ్వే రాశావు.

దర్జీకి నీ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. అంతా అయ్యాక ఒకటే అడిగాడు. "ఆ ఆదివారం ఆయన ఇక్కడి దాకా వచ్చారా అమ్మా?" అన్నాడు. వచ్చాడన్నాను. అతను తల ఊపి, కుట్టు పని చేతిలోకి తీసుకున్నాడు. మిషను తొక్కలేడు కాబట్టి ఇప్పుడు అన్నీ చేత్తోనే కుడుతున్నాడు.

నా మొహం చూడలేనని రాశావు. చూడాలి. ఇవన్నీ ఉత్తరంలో రాస్తే సరిపోవు. అతనికి నీ నోటితో చెప్పాలి. పోలీసు స్టేషనులో నేను సంతకం పెట్టిన కాగితం ఉంది, దాని పక్కన నీది ఉండాలి. బస్సు నడిపే నా శిష్యురాలి ఇంటికి నేనే వెళ్ళి పిల్లని పంపమని అడగాలంటే, ముందు ఆ రెండూ జరగాలి. లైసెన్సు ఆఫీసుకి రాసిన కాగితం చింపలేదు. నువ్వు వచ్చాక చింపుతాను.

ఆదివారం పొద్దున రైలుకి రా. స్టేషను నుంచి నడిచి రావద్దు, ఇంకో బండి మాట్లాడుకోవద్దు. నేనే వస్తాను, మన బండిలోనే. రెండు నెలల తర్వాత తాళం పట్టుకుంటున్నాను. వెనక సీటు ఎక్కకు. ముందు, నా పక్కన కూర్చో. దర్జీ దుకాణం మెట్లు వచ్చేదాకా నాతో ఒక్క మాట కూడా మాట్లాడకు.

అక్క